అతి అనే ఒక్క మాటతో

తెలుగు సీరియల్ నటన మీద మన విమర్శ మొత్తం ఒక్క మాటలో సరిపోతుంది: ఓవరాక్షన్. కాస్త భాషాభిమానం ఉన్నవాళ్ళు దాన్నే 'అతి' అంటారు. ఆ మాట అనేశాక ఇంక చెప్పాల్సిందేమీ లేదని అందరికీ అనిపిస్తుంది. ఎవరు అతి చేశారు? ఏ సీన్లో? అక్కడ అతి చెయ్యకుండా ఏం చేసి ఉండాల్సింది? ఎవరూ అడగరు. నవలని 'బోరు' అని ఒక్క మాటలో తేల్చేసే మనిషిని మనం పాఠకుడిగా కూడా లెక్కలోకి తీసుకోం. టీవీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ఆ మనిషిలాగే మాట్లాడతాం.

మనం అంటే ఇలాంటి పత్రికలు చదివేవాళ్ళం, రాసేవాళ్ళం. 'సక్సెషన్' లో జెరెమీ స్ట్రాంగ్ తండ్రి ముందు నిలబడ్డప్పుడు భుజాలు ఎలా కుంగిపోతాయో కాఫీ చల్లారిపోయేదాకా చెప్పగలం. సారా స్నూక్ నవ్వు ఎక్కడ ఆగిపోతుందో చెప్పగలం. 'ఫ్యామిలీ మ్యాన్' రెండో సీజన్లో సమంత కళ్ళ గురించి పోస్టుల మీద పోస్టులు పెట్టాం. అదే నోటితో, మీ ఇంట్లో రోజూ ఏడున్నరకి నడిచే సీరియల్లో అత్త వేషం వేసేదెవరో చెప్పమంటే తెల్లమొహం వేస్తాం. ఆవిడ మన హాల్లోకి వారానికి ఐదారు రోజులొస్తుంది. ఏళ్ళ తరబడి వస్తుంది. ఆవిడ పేరు మాత్రం మనకి తెలీదు.

ఒక లెక్క చూడండి. 'బ్రేకింగ్ బ్యాడ్' 2008లో మొదలై 2013లో ముగిసింది. మొత్తం 62 ఎపిసోడ్లు. జెమినీ టీవీలో మంజులా నాయుడు తీసిన 'మొగలిరేకులు' కూడా 2008లోనే మొదలై 2013లోనే ముగిసింది. దాని ఎపిసోడ్లు వెయ్యి దాటాయి. బ్రయన్ క్రాన్‌స్టన్ అరవై రెండు ఎపిసోడ్లలో ఒక మాస్టారు నేరస్థుడిగా మారడాన్ని చూపించాడు. దాని మీద పుస్తకాలొచ్చాయి. సాగర్ అదే ఐదేళ్ళలో మున్నాగా, తర్వాత ఆర్కే నాయుడిగా రెండు తరాల మనుషుల్ని మోశాడు. ఆ రోజుల్లో ఆర్కే నాయుడంటే తెలీని ఇల్లు తక్కువ. ఆ నటనలో ఏం బాగుంది, ఏం బాగోలేదు అని తెలుగులో ఎవరైనా రెండు పేజీలు రాసి ఉంటే నా కంట పడలేదు. సాగర్ క్రాన్‌స్టన్‌తో సమానమని నేననడం లేదు. సమానం కాదని తేల్చడానికైనా ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా, ఆ పని మనం చెయ్యలేదంటున్నాను.

ఈ వ్యాసం ఆ పని చెయ్యాలని గొడవ పెట్టుకోవడానికే. సీరియల్ కథల మీద గొడవ కాదు. కథల మీద ఇప్పటికే చాలా రాశారు. అత్తాకోడళ్ళ కుట్రలు, విషం కలిపిన పాలగ్లాసులు, గతం మర్చిపోయే హీరోలు, జీడిపాకంలా సాగదీయడం. ఆ తిట్లలో చాలావరకు న్యాయమే. నా గొడవ నటన గురించి. అదొక పని. దాన్ని కొందరు బాగా చేస్తున్నారు, కొందరు చెత్తగా చేస్తున్నారు, ఇద్దరికీ మనం ఒకే మాట వాడుతున్నాం.

మొదట ఆ 'అతి' సంగతి చూద్దాం.

సీరియల్లో ఎవరో ఒక షాకింగ్ మాట అంటారు. ఢాం అని సంగీతం. కోడలి మొహం. మళ్ళీ కోడలి మొహం, ఇంకొంచెం దగ్గరగా. మూడోసారి, ఈసారి నలుపు తెలుపులో. తర్వాత అత్త, మామ, ఆడపడుచు, తలుపు దగ్గర నిలబడ్డ పనిమనిషి. అందరూ తలా మూడుసార్లు. మనం నవ్వుతాం. మీమ్స్ చేస్తాం. నవ్వొచ్చే మాట నిజమే. కానీ ఆ మూడుసార్లు అనేది నటి చేసింది కాదు, ఎడిటింగ్ టేబుల్ దగ్గర చేసింది. ఆవిడ ఒక్కసారే తలెత్తి చూసింది. ఆ ఒక్క చూపు మూడుసార్లు తిప్పి చూపించినా అరిగిపోకుండా నిలబడాలి. దాన్ని నిలబెట్టడం ఒక విద్య. ముక్కుపుటాలు అదరగొట్టి, కళ్ళు పెద్దవి చేసి ఊరుకున్న నటికి మూడోసారికి ఏమీ మిగలదు. చూపులో అర్థంకానిది కొంచెం అట్టిపెట్టుకున్న నటిని మూడోసారి కూడా చూడబుద్ధేస్తుంది. ఒకే సీన్లో, ఒకే సంగీతం కింద, ఈ ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. తేడా పట్టుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, రెండు వారాలు ఓపిగ్గా చూస్తే చాలు.

ఈ సాగదీత మనకి కొత్త కూడా కాదు. పద్యనాటకంలో శ్రీకృష్ణుడు రాయబారానికొచ్చి, యుద్ధం ముంచుకొస్తుంటే నిలబడి రాగం తీస్తాడు. జనం 'వన్స్ మోర్' అంటారు. మళ్ళీ పాడతాడు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడి గురించీ, డి.వి. సుబ్బారావు హరిశ్చంద్రుడి గురించీ చెప్పేటప్పుడు మనం ఆ వన్స్ మోర్లని గర్వంగా చెప్పుకుంటాం. కాటిసీనులో చంద్రమతి ఎదురుగా నిలబడి ఉండగా పద్యం రెండోసారి పాడటం వాస్తవికతకి ఎంత దూరమో మనకి తెలుసు. ఆ నాటకం ఆ పద్ధతిలో నడుస్తుందని ఒప్పుకుని, ఆ పద్ధతి లోపల ఎవరు గొప్పో చూస్తాం. సీరియల్లో వన్స్ మోర్ ఎడిటరే అనేస్తాడు, మనల్ని అడక్కుండానే. అది చిరాకే. అయినా పద్ధతి పద్ధతే. దాని లోపల ఎవరు ఏం చేశారన్నది వేరే ప్రశ్న. స్టేజి మీద ఉన్నవాళ్ళకి ఇచ్చిన మర్యాద టీవీలో ఉన్నవాళ్ళకి ఎందుకివ్వం? నాటకాన్ని మగవాళ్ళు రాత్రంతా మేలుకుని చూశారు కాబట్టి కళ అయింది, సీరియల్ని ఆడవాళ్ళు వంట చేస్తూ చూస్తున్నారు కాబట్టి కాలక్షేపం అయింది. ఇంతకంటే మంచి కారణం ఎవరైనా చెబితే వింటాను.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. 'కార్తీకదీపం' (స్టార్ మా, 2017-2023). మలయాళం 'కరుత్తముత్తు' దీనికి మాతృక. అక్కడా ఇక్కడా ప్రేమి విశ్వనాథే నాయిక. నల్లగా ఉన్నందుకు అవమానాలు పడే ఆడదాని కథ చెప్పడానికి, నల్లగా లేని నటికి రంగు పూశారు. వర్ణవివక్ష మీద తీసిన కథ తనే ఆ వివక్షకి లోబడిపోయింది. దీన్ని తిట్టాలి, నేనూ తిడతాను. తిట్టేశాక నటిని చూడాలి. మొహమంతా ముదురు మేకప్ ఉన్నప్పుడు చర్మం మీది చిన్న చిన్న మార్పులు కనపడవు. సిగ్గుకి ఎర్రబడటం, భయానికి పాలిపోవడం, ఇవన్నీ మేకప్ కిందే ఉండిపోతాయి. ఇక మిగిలేవి కళ్ళు, మెడ. ప్రేమి విశ్వనాథ్ ఆ రెంటితోనే పని నడిపింది. వంటలక్కగా బతుకుతున్న రోజుల్లో దీప ఎవరి ముందైనా నిలబడితే మెడ నిటారుగా ఉంటుంది. మాట పడినప్పుడు కళ్ళు దించుతుంది, మెడ దించదు. వందల ఎపిసోడ్లలో ఆ నియమం దాదాపు తప్పలేదు. కథ అటూ ఇటూ ఎన్ని మలుపులు తిరిగినా ఆ పాత్రకి ఒక వెన్నెముక ఉందనిపించింది అందుకే. అది రచయిత ఇచ్చింది కాదు. రచయిత ఇచ్చింది చాలాచోట్ల కన్నీళ్ళే.

అదే సీరియల్లో మోనితగా శోభా శెట్టి వేరే దారిలో వెళ్ళింది. సీరియల్ విలన్లకి ఒక కిట్ ఉంటుంది: ఎత్తిన కనుబొమ్మ, వంకర నవ్వు, కెమెరా వైపు తిరిగి తనలో తను మాట్లాడుకోవడం. ఆమె ఆ కిట్ మొత్తం వాడింది, దాచుకోలేదు. కాకపోతే కుట్ర చేసేటప్పటి కంటే డాక్టర్ బాబు తనని చూడకుండా వెళ్ళిపోయినప్పుడు ఎక్కువ కష్టపడి నటించింది. దాంతో ఆ విలన్‌కి ప్రేమనే జబ్బు ఉందని నమ్మకం కలిగింది. ఇక్కడ నా ఫిర్యాదు కూడా ఉంది. తనలో తను మాట్లాడుకునే సీన్లలో ఆమె ప్రతి వాక్యం చివరా ఒకేలా తల తిప్పుతుంది. ఆరు నెలలు చూశాక అది మోనిత అలవాటా, నటి అలవాటా అన్న అనుమానం వస్తుంది. చూశారా, 'అతి' అనే మాట వాడకుండా మెచ్చుకోవచ్చు, వాడకుండా తప్పూ పట్టొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. గొంతు.

సినిమాలో గొంతు ఎవరిదో మనకి తెలుసు. రాజశేఖర్ వెనక సాయికుమార్, విజయశాంతి వెనక సరిత, తెలుగులో కమల్ హాసన్ వెనక బాలసుబ్రహ్మణ్యం. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకి విడిగా బహుమతులుండేవి, ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. అంటే గొంతుతో చేసేది కూడా నటనే అని ప్రభుత్వం ఒప్పుకుంది, ప్రేక్షకులు అంతకుముందే ఒప్పుకున్నారు.

సీరియల్‌కి రండి. ఈ పదిహేను ఇరవై ఏళ్ళలో తెలుగు సీరియళ్ళ నాయికలూ నాయకులూ చాలామంది కర్ణాటక నుంచి వచ్చారు, కొందరు కేరళ, తమిళనాడు నుంచి. 'గుప్పెడంత మనసు' లో రిషి, వసుధార, జగతి ముగ్గురూ కన్నడం వాళ్ళే: ముఖేష్ గౌడ, రక్ష గౌడ, జ్యోతి రాయ్. తెలుగమ్మాయిలు దొరకలేదా అనే గోల ఇక్కడ నేను పెట్టను. నటులు ఊళ్ళు దాటి పనికి పోవడం ఎప్పటినుంచో ఉన్నదే. నా గోల వేరు. భాష రాని నటులు తెరమీదికొచ్చారంటే వాళ్ళ వెనక భాష వచ్చిన నటులు ఇంకొకరున్నారని అర్థం. వాళ్ళెవరు?

సెట్లో ఏం జరుగుతుందో చూడండి. కెమెరా పక్కన ఒకరు నిలబడి డైలాగు చదువుతారు. ప్రాంప్టింగ్ అంటారు దాన్ని. నటి అది విని, తిరిగి పలుకుతుంది. తన మాట తన నోట్లోంచి రాకముందే చెవిలో పడుతుందన్నమాట. వినడానికీ పలకడానికీ మధ్య ఒక అర సెకను ఖాళీ. నైపుణ్యం లేని నటి ఆ అర సెకనులో బ్లాంకుగా ఉంటుంది, లేదా చూపు పక్కకి పోతుంది. మంచి నటి ఆ అర సెకనుని ఆలోచనగా మార్చేస్తుంది. ఇప్పుడే ఆ మాట తనకి తట్టినట్టు, అనాలా వద్దా అని తడబడినట్టు. మనం ఇంట్లో కూర్చుని 'ఈ అమ్మాయి భలే ఆలోచించి మాట్లాడుతుంది' అనుకునేది చాలాసార్లు ఆ ప్రాంప్టింగ్ ఖాళీని చూసే. ఇదంతా రోజుకి దాదాపు ఒక ఎపిసోడ్ పూర్తిచెయ్యాల్సిన వేగంలో. సినిమావాళ్ళు రోజంతా కష్టపడి రెండు మూడు నిమిషాలు తీస్తే, వీళ్ళు ఇరవై నిమిషాల సరుకు తియ్యాలి. పైగా ప్రతి గురువారం వచ్చే రేటింగులు చూసుకుని కథ దిశ మారిపోతుంది. వచ్చే నెల తన పాత్ర మంచిదో చెడ్డదో నటికే తెలీదు.

తర్వాత డబ్బింగ్ థియేటర్. అక్కడ ఇంకో ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరమీది పెదాలకి తెలుగు అక్షరాలు అతికిస్తుంది. అతికించడమొక్కటే అయితే దర్జీ పని. ఊపిరి ఆవిడే పొయ్యాలి. మింగిన మాట, గొంతు పూడుకోవడం, ఏడుపు మధ్యలో ఎగశ్వాస, 'అత్తయ్యా' అన్న పిలుపులో భయం పాలెంత, గౌరవం పాలెంత, ఇదంతా ఆవిడ చేతిలోనే ఉంటుంది. కన్నీళ్ళు ఒకరివి, వెక్కిళ్ళు ఇంకొకరివి. ఎపిసోడ్ అయ్యాక మనం 'ఎంత బాగా ఏడ్చిందో' అంటాం. ఎవర్ని అంటున్నాం?

కొన్నేళ్ళు నడిచే సీరియళ్ళలో మధ్యలో గొంతు మారిపోతే ఇంట్లోవాళ్ళు ఒక్క పూటలో పట్టేస్తారు. 'ఏంటో ఈ అమ్మాయి ఇవాళ వేరేలా ఉంది' అంటారు. మొహం అదే, చీర అదే, నగలవే. సగం నటి వెళ్ళిపోయింది, అంతే. వెళ్ళిపోయినావిడ పేరు ఎవరికీ తెలీదు కాబట్టి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చివర్లో పేర్లు వేసినా అవి కన్ను ఆనేలోపు పరుగెత్తిపోతాయి. యాప్‌లో చూస్తే అవి మొదలయ్యేలోపే తర్వాతి ఎపిసోడ్ వచ్చేస్తుంది.

ఇది ఏదో కళాకారుల గౌరవం గురించిన సన్మానసభ మాట అనుకోకండి. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేశారు. వాళ్ళ ముఖ్యమైన భయాల్లో ఒకటి, తమ మొహాన్నీ గొంతునీ యంత్రం తీసేసుకుంటుందని. మనలో చాలామంది ఆ సమ్మెకి ఇక్కణ్ణుంచే జై కొట్టాం. సరే, ఆ యంత్రం మన దగ్గరికి వచ్చినప్పుడు మొదట ఎక్కడికి వస్తుంది? పెద్ద హీరో గొంతు జోలికి ముందు రాదు. అభిమానులు ఊరుకోరు. పేరు లేని చోటికొస్తుంది. రోజుకో ఎపిసోడ్ లెక్కన గొంతు అరిగేలా ఏడ్చే మనిషి దగ్గరికొస్తుంది. ఆ మనిషి ఉన్నారని మనకి తెలియనప్పుడు, లేరని ఎలా తెలుస్తుంది? విమర్శకుడు పేరు రాయడం అనేది ఇలాంటి చోట మర్యాదకి మించిన పని. పేరు పడితే లేమి కనిపిస్తుంది. పేరే పడకపోతే ఒక వృత్తి మొత్తం, మన కళ్ళ ముందు, చప్పుడు లేకుండా మాయమైపోగలదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది: 'ఇంత చెత్త కథల్లో నటన గురించి ఏం మాట్లాడతాం?' సావిత్రి కూడా నాసిరకం సినిమాల్లో చేసింది. ఆ సినిమాలు చెత్తవని చెప్పి, ఆ సీన్లో ఆమె ఏం చేసిందో వేరే చెప్పడం మనకి బాగానే చేతనవును. కథ దరిద్రంగా ఉన్నప్పుడే నటుడి పని తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ దన్నుగా ఇంకేం ఉండదు.

రెండోది: 'మన టీవీలో మంచి నటన ఉంటే మేమే చెప్పేవాళ్ళం.' అలాగా? అయితే 'అమృతం' సంగతేంటి? 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. గుణ్ణం గంగరాజు నిర్మాణం. దాన్ని ప్రేమించని తెలుగు కుర్రాణ్ణి నేను చూడలేదు. డైలాగులు అప్పజెప్తారు, టైటిల్ పాట పాడతారు, అప్పాజీ గొంతు అనుకరిస్తారు. అందులో నటన గురించి చెప్పమంటే 'సూపర్' అంటారు. 'అతి' కి అక్కచెల్లెలు ఆ 'సూపర్'. రెండూ చూడకుండానే అనగలిగే మాటలు.

నిజానికి నటన గురించి ఆలోచించడానికి 'అమృతం' కంటే మంచి ప్రయోగశాల దొరకదు. అమృతరావు పాత్రని ముగ్గురు వేశారు: శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్. పక్కన ఆంజనేయులు మాత్రం మొదటినుంచి చివరిదాకా గుండు హనుమంతరావే. అంటే ఒకే ప్రశ్నకి మూడు జవాబులు, ఎదురుగా ఒకే మనిషి. శివాజీరాజా అమృతం అమాయకంగా ఆశపడతాడు. దెబ్బతిన్నప్పుడు మనకి జాలేస్తుంది. నరేశ్ అమృతానికి తన తెలివి మీద అపారమైన నమ్మకం. దెబ్బతిన్నా ఆ నమ్మకం చెదరదు, అందుకే నవ్వొస్తుంది. హర్షవర్ధన్ అమృతం కంగారు మనిషి. మాట ఆలోచన కంటే ముందు పరిగెడుతుంది. దెబ్బ తగలబోతోందని అతనికి మనకంటే ముందే తెలిసినట్టుంటుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకండి. దానిమీద పోట్లాడుకుందాం. పాతికేళ్ళ బట్టీ ఈ పోట్లాట మన దగ్గర ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఇక గుండు హనుమంతరావు. ముగ్గురు అమృతాలు మారినా ఆ ఇల్లు, ఆ హోటలు అవే అనిపించింది అంటే కారణం అతనే. అతను జోకు వెయ్యడు, జోకు మీద పడితే తట్టుకుంటాడు. అమృతం కొత్త ఐడియా చెప్పినప్పుడు ఆంజనేయులు మొహంలో ముందు భయం, తర్వాత విసుగు, ఆ తర్వాత 'ఏమో, ఈసారి కుదురుతుందేమో' అన్న పిచ్చి ఆశ వరసగా కదులుతాయి. ఆ మూడో మెట్టు లేకపోతే స్నేహం లేదు, సీరియల్ లేదు. కొత్త నటుడికి పాత్రని అప్పగించడం దర్శకుడి పని అనుకుంటాం. ఎదుటి నటుడు తన పాత చూపుతోనే కొత్తవాణ్ణి చూసి, 'వీడే మన అమృతం' అని మనల్ని నమ్మించాలి. హనుమంతరావు ఆ పని రెండుసార్లు చేశాడు. 2018లో పోయాడు. వచ్చిన నివాళులన్నీ 'మమ్మల్ని నవ్వించారు' అన్నాయి. ఎలా నవ్వించాడో చెప్పినవి తక్కువ.

మూడో అభ్యంతరం కొంచెం తెలివైనది: 'అభిమానులు మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా, ఇంకా వ్యాసాలెందుకు?' అవును, మాట్లాడుకుంటున్నారు. చాలాసార్లు మనకంటే బాగా మాట్లాడుకుంటున్నారు. 'వీడికి కోపమొస్తే దవడ తప్ప ఏదీ కదలదే', 'ఆ అత్త ఏడిస్తే ఏడుస్తున్నట్టుండదు, లెక్కలు వేస్తున్నట్టుంటుంది', 'ఈ పిల్ల వినేటప్పుడు బాగుంటుంది, మాట్లాడేటప్పుడు బాగోదు'. ఇలాంటివి కూర తరుగుతూ అనేస్తారు. ఆ చివరి మాట, వినేటప్పుడు బాగుంటుందనేది, నటన పాఠాల్లో ఒక వారం చెప్పే విషయం. ఇవి గాల్లో కలిసిపోతున్నాయి. స్థానం నరసింహారావు సత్యభామ ఎలా నడిచిందో, బళ్ళారి రాఘవ ఎలా నిలబడేవారో ఇవాళ మనకి కొంచెమైనా తెలుసంటే, ఆ రోజు చూసినవాళ్ళు ఊరికే ఉండకుండా రాసిపెట్టబట్టే. వాళ్ళందరూ పండితులేం కాదు. టికెట్టు కొనుక్కుని చూసి, మురిసిపోయి, చిరాకుపడి, ఆ సంగతి వివరంగా చెప్పినవాళ్ళు. అభిమాని చెప్పిన అల్లాటప్పా మాటే తర్వాతి తరానికి ఆధారం అయింది.

అభిమానుల్లో ఉన్న జబ్బు కూడా చెప్పాలి. మన భాషలో 'నటిస్తున్నాడు' అన్నది తిట్టు. బిగ్‌బాస్ మొదలవగానే ఆ తిట్టు ఊరంతా మోగుతుంది. సీరియల్లో ఐదేళ్ళు చూసినా ఎవరి నటనా పట్టించుకోనివాళ్ళు, ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారానికే 'ఆమె ఏడుపు నటన', 'వీడి కోపం నటన' అని తీర్పులు చెప్పేస్తారు. 2023లో ఏడో సీజన్లోకి శోభా శెట్టి వెళ్తే, చాలామంది ఆమెని చూడలేదు, మోనితని చూశారు. ఆమె గొంతు పెంచితే 'అసలు రూపం బయటపడింది' అన్నారు. అంతకుముందు ఐదేళ్ళు ఆమె చేసిన పని ఎంత బాగా అతికిందో ఆ తిట్లే సాక్ష్యం. కానీ ఆ మెప్పు ఆమెకి తిట్టు రూపంలోనే చేరింది. పాత్రనీ మనిషినీ విడదీసి మాట్లాడటం నేర్పేది విమర్శే. అది లేని చోట నటి తను బాగా చేసిన పనికే శిక్ష పడుతుంది.

కాబట్టి నేను అడిగేవి చాలా చిన్న పనులు. ఒకటి, ఇలాంటి పత్రికలు సీరియల్ నటన మీద సమీక్షలు వెయ్యాలి. కథాసారాంశాలొద్దు, సమాజానికి సందేశాలొద్దు. ఒక నటి, ఒక నెల, ఒక పాత్ర. రెండు, 'అతి', 'సూపర్', 'నాచురల్', 'జీవించేశాడు' ఈ నాలుగు మాటలూ నిషేధం. వాటి బదులు ఏ సీన్లో ఏం కదిలింది, ఏం కదల్లేదు అని రాయాలి. మూడు, నటి పేరు పక్కన గొంతు పేరు. తెలియకపోతే ఛానెల్‌ని అడగండి, నిర్మాణ సంస్థకి మెయిల్ పెట్టండి, వాళ్ళు చెప్పకపోతే 'అడిగాం, చెప్పలేదు' అని ఆ సమీక్షలోనే రాయండి. పది సమీక్షల్లో ఆ వాక్యం కనిపిస్తే పదకొండోసారి చెప్తారు.

నాలుగోది ఇంట్లో చెయ్యాల్సింది. రాత్రి ఏడున్నరకి హెడ్‌ఫోన్స్ తీసేసి హాల్లోకి వెళ్ళండి. ఆ అత్త వేషం వేసేదెవరని అమ్మనడగండి. ఆవిడకి పేరు తెలుసో లేదో గానీ, ఆ నటి ఎక్కడ బాగా చేస్తుందో, ఎక్కడ తేలిపోతుందో కచ్చితంగా తెలుసు. చెప్తుంటే రాసుకోండి.